అంట్ల మెషీన్‌కి ఇంటి పొడి

ముందే చెప్పేస్తున్నా, ఇది వంటల శీర్షిక కాదు. ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో మనమంతా రికార్డు నింపడానికి చేసిన ఒక ఎక్స్‌పెరిమెంట్‌కి మా ఇంట్లో నిజమైన పని దొరికింది. ఆ సంగతి రాస్తున్నాను. "సీఎస్ఈ వాడివి, అంట్ల గురించి వ్యాసమేంట్రా?" అని క్లబ్‌లో అప్పుడే ఒకరిద్దరు నవ్వారు. అంట్లు అన్ని బ్రాంచిలవాళ్ళ ఇళ్ళలోనూ ఉంటాయి కదా.

అసలు అవసరం ఇది. మా అమ్మకి వేళ్ళ మధ్య చర్మం పగిలిపోతుంది. చలికాలంలో అయితే రక్తం కూడా వస్తుంది. సబ్బునీళ్ళలో చేతులు పెట్టొద్దని డాక్టరు చెప్పాక నాన్న వాయిదాల మీద డిష్‌వాషర్ కొన్నారు. మెషీన్ బాగానే ఉంది. చిక్కంతా టాబ్లెట్‌తోనే. మా ఒంగోలులో మేం కొనే ధరకి ఒక్కోటీ దాదాపు 15 రూపాయలు పడుతుంది. రోజుకి ఒకటి అంటే నెలకి 450. అమ్మ లెక్క వేసుకుని, వారానికి రెండుసార్లే మెషీన్ వేసి, మిగతా రోజులు చేత్తోనే తోమేస్తోంది. అంటే మెషీన్ ఏ పని కోసం వచ్చిందో ఆ పనే జరగడం లేదు. అందుకని నా ప్రశ్న చాలా చిన్నది: మూడు నాలుగు రూపాయల్లో ఇంట్లోనే పొడి కలుపుకుంటే గిన్నెలు నిజంగా శుభ్రమవుతాయా? మెషీన్ పాడవకుండా ఉంటుందా?

ఇంటర్నెట్‌లో రెసిపీలు బోలెడు. చాలావరకు అమెరికావి. వాషింగ్ సోడా, బోరాక్స్, ఉప్పు, సిట్రిక్ యాసిడ్ సమానంగా కలిపి డబ్బాలో పోసుకోమంటాయి. ఇందులో బోరాక్స్ అంటే మన వెలిగారమే, కంసాలులు బంగారం అతకడానికి వాడేది. యూరప్‌లో దాన్ని సంతానశక్తికి హాని చేసే పదార్థాల జాబితాలో పెట్టారు. అన్నం తినే కంచాల మీదకి అదెందుకు, దాన్ని మొదటే తీసేశాను. మిగతా వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం. అంతకుముందు మెషీన్ లోపల ఏం జరుగుతుందో తెలియాలి.

డిష్‌వాషర్‌లో పీచు లేదు, రుద్దే చెయ్యి లేదు. అడుగున కొంచెం నీళ్ళుంటాయి. పంపు ఆ నీళ్ళనే మళ్ళీ మళ్ళీ తీసుకుని, తిరిగే చేతుల్లోంచి గిన్నెల మీదకి గట్టిగా చిమ్ముతుంది. నీళ్ళ వేగంతో గిన్నెలు కడగాలన్న ఈ ఆలోచనకి జోసెఫిన్ కాక్రేన్ అనే అమెరికన్ ఆవిడ 1886లో పేటెంట్ తీసుకున్నారు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆవిడ మెషీన్లు పెట్టారు. మూల సూత్రం ఇప్పటికీ అదే. చేత్తో రుద్దే బలం ఉండదు కాబట్టి ఆ లోటుని వేడి, క్షారం, సమయం మూడూ కలిసి తీర్చాలి. గిన్నెలు తోమే లిక్విడ్ ఇందులో ఎందుకు పోయకూడదో కూడా ఇక్కడే తెలిసిపోతుంది. నురగ వస్తే పంపు నీళ్ళకి బదులు గాలి పీల్చుకుంటుంది, చిమ్మే వేగం పడిపోతుంది, నురగ తలుపు సందుల్లోంచి బయటికి కూడా వస్తుంది. కుంకుడుకాయకీ ఇదే అభ్యంతరం. తలకి ఎంత మంచిదైనా దాన్లో ఉన్న సాపోనిన్ పనే నురగ పెట్టడం. కాబట్టి "న్యాచురల్" అని కుంకుడు రసం పొయ్యకండి.

అయితే మన పాత పద్ధతుల్లో నురగ లేనివి లేవా అంటే ఉన్నాయి. మా అమ్మమ్మ చిన్నప్పుడు కట్టెల పొయ్యిలో బూడిద, కొబ్బరి పీచు, అంతే. బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది. పొటాష్ అన్న మాటే కుండలో కాచిన బూడిద నీళ్ళ నుంచి పుట్టింది. హంఫ్రీ డేవీ 1807లో ఆ పొటాష్ నుంచి తీసిన లోహానికే పొటాషియం అని పేరు పెట్టాడు. చాకళ్ళు బట్టలకి వాడిన చవుడు మట్టిలో దాని తమ్ముడు సోడియం కార్బొనేట్ ఉంటుంది. ఆ సోడియం కార్బొనేటే ఇప్పుడు బట్టల సోడా, వాషింగ్ సోడా అని పాకెట్‌లో వస్తోంది. అంటే అమెరికా రెసిపీలో మొదటి దినుసు మన చెరువు గట్టుదే. చవుడు అన్న మాట నాకు అమ్మమ్మ చెప్పేదాకా తెలీదు. ఇంగ్లీష్ మీడియం పుణ్యం. సోడియం కార్బొనేట్ ఫార్ములా అయితే నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

బూడిదనే నేరుగా మెషీన్‌లో వేయొచ్చుగా అని మా చెల్లి అడిగింది. వేయకూడదు. కరగని ఇసుక, బొగ్గు రేణువులు ఫిల్టర్‌లో ఇరుక్కుంటాయి, గాజు మీద గీతలు పడతాయి.

వాషింగ్ సోడా కొనేటప్పుడు ఒక తిరకాసు ఉంది. రెసిపీలు దీని ఊసే ఎత్తవు. స్ఫటికాల్లా, గాజు పలుకుల్లా మెరిసే సోడాలో ప్రతి అణువు వెంటా పది నీటి అణువులు ఉంటాయి. అణుభారం 286. అందులో అసలు సోడియం కార్బొనేట్ 106 మాత్రమే, అంటే 37 శాతం. మిగతాదంతా నీళ్ళే. పొడి పొడిగా పిండిలా ఉండే సోడా యాష్ అయితే దాదాపు పూర్తిగా సరుకే. 15 గ్రాముల సోడా యాష్ చేసే పనికి 40 గ్రాముల స్ఫటికాలు కావాలి. రెండింటినీ "ఒక స్పూన్" అని కొలిస్తే ఒకరింట్లో పనిచేసిన పొడి ఇంకొకరింట్లో ఎందుకు పనిచెయ్యదో అర్థమవుతుంది. అందుకే ఈ వ్యాసంలో స్పూన్లు లేవు, గ్రాములే. 300 రూపాయల వంటింటి కాటా ఒకటి కొనుక్కోండి.

సోడా యాష్ దొరక్కపోతే తినే సోడాతో చేసుకోవచ్చు. పళ్ళెంలో పల్చగా పరిచి ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గంటసేపు పెడితే నీరు, కార్బన్ డయాక్సైడ్ పోయి సోడియం కార్బొనేట్ మిగులుతుంది. అయిందో లేదో కాటాయే చెప్తుంది. 168 పాళ్ళు పెడితే 106 పాళ్ళు మిగలాలి. నేను 500 గ్రాములు పెడితే 316 వచ్చింది, లెక్క ప్రకారం 315 రావాలి. థియరీ, ప్రాక్టికల్ ఇంత దగ్గరగా రావడం నా ల్యాబ్ రికార్డులో కూడా ఎప్పుడూ లేదు. కానీ కరెంటు ఖర్చు కలుపుకుంటే కొనుక్కోవడమే నయం.

ఇక నీళ్ళ సంగతి. ఈ వ్యాసంలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

ఈడీటీఏ టైట్రేషన్ గుర్తుందా? నీళ్ళలో బఫర్ వేసి, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ చుక్కలు వేస్తే ద్రాక్ష రంగు వస్తుంది, బ్యూరెట్ నుంచి ఈడీటీఏ పోస్తూ పోతే ఒక్క చుక్క దగ్గర నీలంగా మారుతుంది. కాలేజీ కుళాయి నీళ్ళతో చేసి, పక్కవాడి రీడింగ్ చూసి రాసుకుని మర్చిపోయాం. సంక్రాంతి సెలవుల నుంచి వచ్చేటప్పుడు మా ఇంటి బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టుకొచ్చి, ల్యాబ్ అసిస్టెంట్ గారిని బతిమాలి మూడుసార్లు చేశాను. సగటున లీటరుకి 420 మిల్లీగ్రాములు, కాల్షియం కార్బొనేట్ లెక్కలో. తాగేనీటికి మన దేశ ప్రమాణం 200 దాకా చాలనీ, వేరే నీళ్ళు లేకపోతే 600 దాకా ఓర్చుకోవచ్చనీ చెబుతుంది. మావి ఆ రెండింటి నడుమ ఉన్నాయి.

ఇప్పుడు ఆ అంకెని మెషీన్‌లో పెడదాం. కడిగే దశలో 4 లీటర్లు నీళ్ళు తీసుకుంటుందనుకోండి. 4 ఇంటూ 420 అంటే 1,680 మిల్లీగ్రాములు, అంటే సుమారు 17 మిల్లీమోల్స్ కాల్షియం. అందులో ఉత్త వాషింగ్ సోడా వేస్తే ఏమవుతుంది? కాల్షియం అంతా సుద్ద అయి తేలుతుంది. ఒకటిన్నర గ్రాముల పైచిలుకు సుద్దపొడి వేడినీళ్ళలో తిరుగుతూ గ్లాసుల మీద, స్టీలు కంచాల మీద, మెషీన్ హీటర్ మీద కూర్చుంటుంది. సోడా ఒక్కటే వేసి కడిగినవాళ్ళు "గ్లాసులు పాలు పోసినట్టున్నాయి" అనడానికి కారణం ఇదే. సోడా జిడ్డు మీద చక్కగా పనిచేస్తుంది, నీళ్ళ గట్టిదనం దగ్గరే దానికి తోడు కావాలి.

ఆ తోడే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. యాసిడ్‌గా దాని పని ఇక్కడ ఏమీ లేదు. సోడా నీళ్ళలో పడగానే అది సిట్రేట్ అయిపోతుంది. ఆ సిట్రేట్ కాల్షియాన్ని చుట్టూ పట్టుకుని నీళ్ళలోనే ఉంచేస్తుంది. ఈడీటీఏ చేసే చెలేషన్ పనే ఇది, పట్టు మాత్రం దానికన్నా తక్కువ. 17 మిల్లీమోల్స్ కాల్షియానికి ఒకటికి ఒకటి లెక్కన మూడుంబావు గ్రాముల సిట్రిక్ యాసిడ్ కావాలి. కార్బొనేట్ కూడా అదే కాల్షియం కోసం పోటీ పడుతుంది కాబట్టి ఇంకాస్త కలిపి 5 గ్రాములు అనుకున్నాను. ఆ 5 గ్రాములని సిట్రేట్ చేయడానికే సోడాలో తక్కువలో తక్కువ 4 గ్రాములు ఖర్చయిపోతుంది. అందుకే సమానంగా కలపమనే రెసిపీలు నాకు నచ్చలేదు. సమానంగా కలిపితే సోడా, యాసిడ్ ఒకదాన్నొకటి చంపుకుంటాయి, జిడ్డు కోసం ఏమీ మిగలదు.

చివరికి నేను కుదిర్చిన పాళ్ళు: ఒక్కో వాష్‌కి సోడా యాష్ 15 గ్రాములు, నిమ్మ ఉప్పు 5 గ్రాములు. కూర మరకలు గట్టిగా ఉన్న రోజు సోడియం పెర్కార్బొనేట్ 3 గ్రాములు. ఇది ఆక్సిజన్ బ్లీచ్ అనే పేరుతో బట్టలకి అమ్ముతారు. వేడినీళ్ళలో కరిగి హైడ్రోజన్ పెరాక్సైడ్ వదులుతుంది. మొదటి రెండిటికీ మా ధరల్లో 3 రూపాయలు అవుతుంది, పెర్కార్బొనేట్ కలిస్తే 4.

సోడాని, నిమ్మ ఉప్పుని ముందే కలిపి డబ్బాలో దాచకండి. మన కోస్తా గాలిలో ఉన్న తేమ చాలు, అవి డబ్బాలోనే పని మొదలుపెట్టేస్తాయి. గడ్డకడుతుంది, కార్బన్ డయాక్సైడ్ పుట్టి బిగించిన మూత ఉబ్బుతుంది. రెండు డబ్బాల్లో విడిగా పెట్టి, మెషీన్ వేసే ముందు మాత్రమే కప్పులోకి తియ్యాలి. పెర్కార్బొనేట్ డబ్బా మూత కూడా మరీ బిగించకూడదు, దాన్నుంచి ఆక్సిజన్ వస్తూ ఉంటుంది. డబ్బాల మీద పేర్లు రాయండి. సోడా చూడ్డానికి అచ్చం ఉప్పులా ఉంటుంది, పోపుల పెట్టె దరిదాపుల్లో పెట్టొద్దు. దాని ధూళి కళ్ళలో పడితే మంట, పగిలిన చేతులకి ఇంకా మంట. అమ్మ చేతులకి తగలకుండా పొడవాటి చెంచా ఒకటి డబ్బాలోనే ఉంచేశాను. ఇక బ్లీచింగ్ పౌడర్‌ని మాత్రం ఈ ఆటలోకి అసలు తీసుకురాకండి. యాసిడ్ తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది. వంటింట్లో అది ప్రాణం మీదకి వస్తుంది.

ఉప్పు గురించి రెండు మాటలు. రెసిపీల్లో పొడిలో ఉప్పు కలపమంటారు, దానివల్ల పెద్ద ప్రయోజనం లేదు. ఉప్పు అవసరం వేరే చోట ఉంది. చాలా మెషీన్లలో అడుగున మూత ఉన్న ఒక అర ఉంటుంది. లోపల రెజిన్ పూసలు నీళ్ళలో కాల్షియం తీసుకుని సోడియం ఇస్తాయి. పూసలు కాల్షియంతో నిండిపోయాక గాఢమైన ఉప్పునీళ్ళతో కడిగితే మళ్ళీ మొదటికి వస్తాయి. సెకండ్ లాంగ్వేజ్ తెలుగులో దీనికి మంచి మాట ఉండే ఉంటుంది, నాకు అయాన్ ఎక్స్ఛేంజ్ అనే వచ్చు. ఆ అరలోకి మా దగ్గర్లో చినగంజాం కల్లుప్పు పోయొచ్చా అని నాన్న అడిగారు. పోయకూడదు. సముద్రపు కల్లుప్పులో మెగ్నీషియం, కాల్షియం కలిసి ఉంటాయి. మనం వదిలించుకోవాలన్నవాటినే మళ్ళీ పోసినట్టు అవుతుంది. సన్నటి టేబుల్ సాల్ట్ కూడా వద్దు, గడ్డకట్టకుండా కలిపే పదార్థాలుంటాయి. డిష్‌వాషర్ ఉప్పు అని అమ్మే దొడ్డు ఉప్పే కొనాలి. ఇక్కడ ఖర్చు తగ్గించుకునే దారి లేదు. ఆఖరి కడుగులో పొడి ఏదీ ఉండదు, నీళ్ళే ఉంటాయి, ఆ నీళ్ళని మెత్తబరిచేది ఈ అరే.

ఇప్పుడు పరీక్షలు. కడిగిన కంచం కంటికి మెరిస్తే చాలదు. రెండు చూశాను.

మొదటిది, సోడా పూర్తిగా పోయిందా లేదా. దీనికి పీహెచ్ పేపర్ అక్కర్లేదు, పసుపు చాలు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా ఎందుకు వస్తుందో ఆలోచించారా? పసుపులో కుర్కుమిన్ క్షారంలో ఎర్రబడుతుంది. ఫిల్టర్ పేపర్‌ని పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టి, కడిగిన గిన్నెలో నాలుగు చుక్కల నీళ్ళు తిప్పి ఆ కాగితం మీద వేశాను. పక్కనే ఉత్త బోరు నీళ్ళ చుక్క, సోడా నీళ్ళ చుక్క. సోడా చుక్క పారాణి రంగు తిరిగింది. గిన్నె చుక్క, బోరు చుక్క రెండూ పసుపుగానే ఉన్నాయి. సోడా మిగల్లేదన్నమాట. ఈ పరీక్ష చూసి అమ్మమ్మ "దీనికి ఇంజినీరింగ్ చదవాలా" అంది. నిజమే అనుకోండి.

రెండోది గంజి పరీక్ష. ఇందులో ఇంటి పొడి వెనకబడింది. టాబ్లెట్‌లో ఎంజైములు ఉంటాయి. పిండిపదార్థాన్ని అమైలేజ్, ప్రోటీన్‌ని ప్రోటియేజ్ ముక్కలు చేస్తాయి. మన పొడిలో అవి లేవు. మనమేమో అన్నం తినేవాళ్ళం. దెబ్బలకి రాసే పోవిడోన్ అయోడిన్‌ని నీళ్ళలో పల్చగా కలిపి కడిగిన గిన్నెల మీద చుక్కలు వేశాను. పిండి ఉంటే నల్లనీలం వస్తుంది. సాంబారు గిన్నెలు, కూర బాండీలు, టీ గ్లాసులు, పెరుగు గిన్నెలు, అన్నిట్లోనూ ఇంటి పొడి టాబ్లెట్‌తో సమానంగా నిలబడింది. అన్నం ఎండిపోయిన గిన్నె అడుగున, కుక్కర్ లోపలి పాత్ర అంచున మాత్రం నీలం మచ్చలు. కంటికి ఏమీ కనపడని చోట కూడా. అదే గిన్నెని ముందు అరగంట నీళ్ళలో నానబెట్టి పెడితే మచ్చలు రెండో మూడో మిగిలాయి. టాబ్లెట్‌తో నానబెట్టకుండానే రాలేదు. కాబట్టి "టాబ్లెట్ అంతా మార్కెటింగ్ మాయ" అనే వీడియోలని నమ్మకండి. ఆ డబ్బులో కొంత ఎంజైములకి పోతోంది, అవి నిజంగా పనిచేస్తున్నాయి.

టాబ్లెట్లలో ఒకప్పుడు ఫాస్ఫేట్లు ఉండేవి. గట్టినీళ్ళకి వాటిని మించినవి లేవు. కానీ అవి కాలువల్లోకి పోయి నాచుకి ఎరువవుతాయి. 2010లో అమెరికాలో చాలా రాష్ట్రాలు, 2017 జనవరి నుంచి యూరప్ వాటికి దాదాపు అడ్డుకట్ట వేశాయి. చెరువుల్లో గుర్రపుడెక్క చూసినవాళ్ళకి ఎరువు నీళ్ళ కథ వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి పాత రెసిపీల్లో ట్రైసోడియం ఫాస్ఫేట్ కనపడితే పక్కన పెట్టేయండి.

ఏ గిన్నెలు పెట్టకూడదు అన్నది మన వంటింటికి పెద్ద ప్రశ్న, ఎందుకంటే ఈ మెషీన్ పింగాణీ కంచాలు, గాజు గ్లాసులు ఉన్న ఇళ్ళ కోసం పుట్టింది. అల్యూమినియంకి సోడా పడదు, నల్లబడిపోతుంది. ఇడ్లీ రేకులు, పాత కుక్కర్లు బయటే. ఇనప పెనం పెడితే అట్ల మీద అట్లు పోసి తెచ్చుకున్న నునుపు ఒక్కసారికే పోయి తుప్పు పడుతుంది. ఇత్తడి, రాగి చెంబులు వెలిసిపోతాయి, వాటికి చింతపండే సరి. స్టీలు, గాజు, పింగాణీ ధైర్యంగా పెట్టొచ్చు. వెండి కుంకుమభరిణె లాంటివి అసలు ఆలోచనే వద్దు, అమ్మ ఊరుకోదు కూడా. ఇంకోటి, మీ మెషీన్ వారంటీ కాగితం ఒకసారి చదవండి. డిష్‌వాషర్ కోసం చేసిన పొడే వాడాలని రాసి ఉంటుంది. మాది వారంటీ అయిపోయాకే మొదలుపెట్టాం.

నెల తిరిగేసరికి గాజు గ్లాసుల మీద పల్చటి తెల్లపొర కనపడింది. సిట్రేట్ పట్టు ఈడీటీఏ కన్నా తక్కువ అన్నానుగా, అదన్నమాట. ఖాళీ మెషీన్‌లో ఆ గ్లాసులు మాత్రం పెట్టి, సోడా లేకుండా 30 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి వేడి ప్రోగ్రాం తిప్పితే పోయింది. ఇక్కడ మాత్రం అది యాసిడ్‌గానే పనిచేస్తుంది. సుద్ద కరిగి, కార్బన్ డయాక్సైడ్ వదిలి, నీళ్ళతో వెళ్ళిపోతుంది. నెలకోసారి ఇది చాలు.

ప్రస్తుతం మా ఇంట్లో పద్ధతి ఇలా ఉంది. వారంలో ఐదు రోజులు ఇంటి పొడి, అన్నం గిన్నె మధ్యాహ్నమే నానబెట్టి. ఆదివారం, ఇంకోరోజు టాబ్లెట్, ఆ రెండు రోజుల్లో నానబెట్టే పని లేదు. నెలకి ఎనిమిదో తొమ్మిదో టాబ్లెట్లు, మిగతాది పొడి, అన్నీ కలిపి 200 రూపాయలు దాటడం లేదు, డిష్‌వాషర్ ఉప్పు కాకుండా. మెషీన్ రోజూ తిరుగుతోంది. ఇనప పెనం, ఇడ్లీ రేకులు మిగిలాయి కదా, అవి నాన్న తోముతున్నారు, నేను వెళ్తే నేను తోముతున్నాను. మొన్న ఫోన్‌లో వేళ్ళు ఎలా ఉన్నాయని అడిగితే అమ్మ, "ఫర్లేదు నాన్నా, పగుళ్ళు కొంచెం మానాయి. నిమ్మ ఉప్పు అయిపోవచ్చింది, ఈసారి వచ్చేటప్పుడు కిలో పట్టుకురా, ఇక్కడ చిన్న పాకెట్లే ఉన్నాయి" అంది.

మీ ఊరి నీళ్ళతో చెయ్యాలనుకునేవాళ్ళు సీసాలో అర లీటరు తెచ్చుకోండి, ల్యాబ్‌లో కలిసి టైట్రేషన్ చేద్దాం. లీటరుకి 200 లోపు వస్తే నిమ్మ ఉప్పు 3 గ్రాములకి తగ్గించొచ్చు. 600 దాటితే మాత్రం పొడి సంగతి తర్వాత, ముందు ఆ ఉప్పు అర సరిగ్గా సెట్ చేసి ఉందో లేదో చూడండి.